అంబాసిడర్‌కి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, కొత్త కార్బరేటర్: రెండూ ఒకేసారి వేయించాలా?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారి 1984 అంబాసిడర్, 1489 సీసీ పెట్రోల్ బండి, శ్రీకాకుళంలో మీ ఇంటి షెడ్డులో ఉంది. పొద్దున్నే స్టార్ట్ అవుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగ్ వస్తోంది. వేడి మీద ఆపితే మళ్లీ అందుకోవడం లేదు. పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటుని తెంచి కలిపే చిన్న స్విచ్) తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, పాత కార్బరేటర్ (పెట్రోల్‌ని గాలిలో కలిపే భాగం) తీసేసి కొత్తది, రెండూ ఒకేసారి వేసేద్దామని మీ మెకానిక్ అంటున్నాడు. వేయించమంటారా అని.

ఒకేసారి వద్దండి. ముందు ఇగ్నిషన్ సంగతి పూర్తిగా తేల్చండి. బండిని కొన్నాళ్లు నడపండి. ఆ తర్వాతే కార్బరేటర్ మీద చెయ్యి వేయండి. నా అంచనా, అప్పటికి మీకు కొత్త కార్బరేటర్ అవసరం ఉండకపోవచ్చు.

మాది విజయనగరం. నా దగ్గర ఉన్నది మార్క్ 3 అంబాసిడర్, అదే 1489 సీసీ ఇంజిన్. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే మూడో గేర్‌లో గుక్క పట్టినట్టు ఆగి ఆగి లాగేది. చూసినవాళ్లందరూ కార్బరేటర్ అన్నారు. ఒకప్పుడు టాక్సీ అంబాసిడర్లు బాగుచేసిన ఒక పెద్దాయన మాత్రం బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో ప్లగ్‌కి వరసగా స్పార్క్ పంచే భాగం) క్యాప్ తీసి, "అందరూ కార్బరేటర్నే అంతారు బాబూ. దాన్ని అలగొగ్గీండి. ముందు రోటర్ పట్టుకొని ఊపి సూడండి" అన్నారు. ఊపితే రోటర్ కూర్చునే షాఫ్ట్ పక్కలకి కదిలింది. ఆ షాఫ్ట్‌ని పట్టి ఉంచే లోపలి బుష్ అరిగిపోయింది. లేత్ మీద కొత్త బుష్ చేయించి వేస్తే సగం జబ్బు అక్కడే పోయింది. కార్బరేటర్‌ని అప్పటికి ఎవరూ ముట్టుకోలేదు.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి క్రాంక్ ఒక్కసారి తిరిగితే రెండు స్పార్కులు కావాలి. 3000 ఆర్‌పీఎం దగ్గర అది నిమిషానికి 6000. అంటే ఆ చిన్న పాయింట్ల జత నిమిషానికి ఆరువేలసార్లు తెరుచుకుని మూసుకోవాలి, ప్రతిసారీ ఒకే గ్యాప్‌తో. ఈ బండ్లకి వచ్చే లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌లో ఆ గ్యాప్ 0.014 నుంచి 0.016 అంగుళం. షాఫ్ట్ ఊగుతుంటే ఒక్కో సిలిండర్‌కి ఒక్కో గ్యాప్ వస్తుంది, టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) కూడా సిలిండర్‌కి ఒక రకంగా మారుతుంది. సమతలం మీద మెల్లగా వెళ్తే తెలియదు. ఘాట్‌లో లోడ్ పడితే బయటపడుతుంది. డ్రైవర్ సీట్లో కూర్చున్నవాళ్లకి మాత్రం పెట్రోల్ అందనట్టే అనిపిస్తుంది, అందుకే నింద కార్బరేటర్ మీద పడుతుంది.

కాబట్టి ఎలక్ట్రానిక్ కిట్ కొనేముందు డిస్ట్రిబ్యూటర్‌ని బయటకి తీయించి చూడండి. షాఫ్ట్ ఊపు చూశాక, వ్యాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్పుతో స్పార్క్‌ని ముందుకి జరిపే ఏర్పాటు) డబ్బాకి వెళ్లే పైపుని నోటితో పీల్చి, నాలుకతో మూసి పట్టుకోండి. లోపలి ప్లేటు కదిలి అక్కడే నిలబడాలి. వెనక్కి జారిపోతే డయాఫ్రమ్ చిరిగినట్టే. తర్వాత ప్లేటు కింద ఉండే, వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ని ముందుకి జరిపే అడ్వాన్స్ బరువులు, స్ప్రింగులు. ఏళ్ల తరబడి షెడ్డులో ఉన్న బండిలో అవి జిగురు పట్టి కదలవు. మన సముద్రపు గాలికి తుప్పు కూడా పట్టి ఉంటాయి. వాటిని శుభ్రం చేసి, రోటర్ కింద రెండు చుక్కల నూనె వేయకుండా పైన ఎంత ఖరీదైన మాడ్యూల్ (కిట్‌లోని ఎలక్ట్రానిక్ భాగం) పెట్టినా పికప్ రాదు. ఎలక్ట్రానిక్ కిట్ తీసేది పాయింట్లనీ కండెన్సర్‌నీ మాత్రమే. రోటర్, క్యాప్, అడ్వాన్స్ అంతా పాతదే ఉంటుంది. ఈ విషయం అమ్మేవాళ్లు చెప్పరు.

ఇదే సమయంలో కంప్రెషన్ కొలిపించండి, ట్యాపెట్లు పుస్తకంలో ఉన్న ప్రకారం సరిచేయించండి. 2000 ఫిబ్రవరి నుంచి దేశంలో సీసం కలిపిన పెట్రోల్ లేదు. వాల్వు సీట్లు అరగకుండా కాచింది ఆ సీసమే. మీ బండికి హెడ్ పని ఎప్పుడూ చేయించకపోతే ఎగ్జాస్ట్ వాల్వులు కొంత దిగి ఉండొచ్చు. కంప్రెషన్ లేని సిలిండర్‌కి ఏ ఇగ్నిషనూ సాయం చేయలేదు.

ఇక కిట్ సంగతి. నేను వేయించాను, సంతృప్తిగా ఉన్నాను. పాయింట్ల జాగాలో ఒక చిన్న హాల్ ఎఫెక్ట్ సెన్సర్, షాఫ్ట్ మీద అయస్కాంతాల రింగు. రాపిడి లేదు కాబట్టి గ్యాప్ మారదు. వానాకాలం పొద్దున్న ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. కానీ బిగించేముందు రెండు విషయాలు తప్పనిసరిగా చూడాలి.

మొదటిది ఎర్త్. బాడీకి బ్యాటరీ ఏ టెర్మినల్ కలిసి ఉందో కళ్లతో చూడండి. పాత బ్రిటిష్ డిజైన్ బండ్లలో ప్లస్ బాడీకి కలిపిన పద్ధతి ఉండేది. మీది 1984 బండి కాబట్టి మైనస్సే ఎర్త్ అయి ఉంటుంది, అయినా మధ్యలో ఎవరు ఏం మార్చారో చెప్పలేం. తిరగేసి కలిపితే మాడ్యూల్ ఒక్క క్షణంలో పోతుంది, వారంటీ కూడా ఇవ్వరు.

రెండోది కాయిల్, అంటే బ్యాటరీ వోల్టేజీని స్పార్క్‌కి కావాల్సినంత పెంచేది. మల్టీమీటర్‌తో కాయిల్ రెండు చిన్న టెర్మినళ్ల మధ్య కొలవండి. సుమారు 3 ఓమ్‌లు వస్తే మామూలు 12 వోల్టుల కాయిల్. 1.5 దగ్గర వస్తే అది బ్యాలస్ట్ రెసిస్టర్‌తో (కరెంటుని తగ్గించేది) వాడాల్సిన కాయిల్. కిట్ కాగితంలో ఎంత ఉండాలో రాసి ఉంటుంది. తక్కువ ఓమ్‌ల కాయిల్‌ని నేరుగా కలిపితే కరెంటు ఎక్కువ లాగి మాడ్యూల్ వేడెక్కి చస్తుంది. మీరు చెప్పిన 'వేడి మీద స్టార్ట్ కాదు' అనేదానికి ముసలి కాయిల్ కూడా ఒక కారణం. చల్లగా ఉన్నప్పుడు బాగానే కొట్టి, వేడెక్కాక స్పార్క్ పలచబడుతుంది. అందుకే బండి మొండికేసినప్పుడు వెంటనే ఒక ప్లగ్ తీసి స్పార్క్ చూడండి. నీలంగా, గట్టిగా కొడుతుంటే ఇగ్నిషన్‌ది తప్పు కాదు. ఎర్రగా, సన్నగా ఉంటే కాయిల్ వైపు వెళ్లండి. ఈ ఒక్క పరీక్షకి ఖర్చేమీ లేదు, మీ మెకానిక్ ఇంతవరకూ చేశాడో లేదో అడగండి. చూసేటప్పుడు పెట్రోల్ పైపులకి దూరంగా ప్లగ్‌ని ఇంజిన్‌కి ఆనించి పెట్టాలి.

హెచ్‌టీ వైర్లు (ప్లగ్‌లకి స్పార్క్ మోసే లావు వైర్లు) కూడా మార్చండి. లోపల రాగి తీగ మాత్రమే ఉన్న పాత వైర్ల నుంచి వచ్చే అలజడికి కొన్ని మాడ్యూళ్లు తికమకపడతాయి. రెసిస్టెన్స్ ఉన్న వైర్లు వేయాలి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2, ప్లగ్ గ్యాప్ 0.025 అంగుళం. ఇంజిన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదిలేయొద్దు, షెడ్డులో కూర్చుని రేడియో వినే అలవాటు ఉంటే మానుకోండి.

టైమింగ్ విషయంలో మాత్రం చెవితో పెట్టే పద్ధతికి ఒప్పుకోకండి. చాలామంది డిస్ట్రిబ్యూటర్ తిప్పుకుంటూ ఐడ్లింగ్ బాగున్న చోట బిగించేస్తారు. ఐడ్లింగ్‌కి అక్కడ బాగుంటుంది, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు నాకింగ్ (ఇంజిన్‌లో టకటక చప్పుడు) వస్తుంది. స్పార్క్‌తో పాటే వెలిగి ఆరే స్ట్రోబ్ లైట్ పట్టి పెట్టించండి. నా బండికి పుల్లీ దగ్గర గుర్తులు కింది వైపు ఉన్నాయి, మురికిలో కనబడవు. గుడ్డతో తుడిచి గుర్తు మీద తెల్ల పెయింట్ గీత గీయిస్తే పని తేలిక. యాక్సిలరేటర్ ఇస్తున్నప్పుడు గీత నెమ్మదిగా ముందుకి జరుగుతుందా లేదా చూస్తే అడ్వాన్స్ పనిచేస్తోందో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది.

తీసేసిన పాయింట్లు, కండెన్సర్, వాటి ప్లేటు పారేయకండి. గ్యాప్ సెట్ చేసి, డబ్బాలో పెట్టి, వైర్ల రంగులు కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డ్ అరలో ఉంచండి. పాయింట్లు పాడైతే ముందుగా చెప్పి చెప్పి పాడవుతాయి. మాడ్యూల్ పోతే చెప్పకుండా పోతుంది. పలాస దాటి రాత్రిపూట హైవే మీద ఆగిపోతే, ఒక స్క్రూడ్రైవర్‌తో పాత ప్లేటు బిగించుకుని ఇల్లు చేరొచ్చు.

కార్బరేటర్‌కి వద్దాం. అంబాసిడర్లలో ఎస్‌యూ కార్బరేటర్ ఉన్నవీ, సోలెక్స్ కార్బరేటర్ ఉన్నవీ రెండూ చూశాను. ఏదైనా సరే, పాడయ్యేవి కొన్నే: యాక్సిలరేటర్‌తో తిరిగే థ్రాటిల్ షాఫ్ట్ అరిగి పక్క నుంచి గాలి పీల్చడం, ఫ్లోట్ నీడిల్ సరిగ్గా మూసుకోక ఓవర్‌ఫ్లో అవడం, జెట్‌లలో (పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రాలు) చెత్త. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి, ఐడ్లింగ్‌లో థ్రాటిల్ షాఫ్ట్ చివర కొంచెం కార్బరేటర్ క్లీనర్ కొట్టండి. ఐడ్లింగ్ మారితే షాఫ్ట్ దగ్గర గాలి లీకు ఉన్నట్టు. దాన్ని కూడా లేత్ మీద బుష్ వేయించొచ్చు. లారీలకి పేరుపడ్డ సాలూరులో కానీ, విశాఖలో కానీ ఈ పని తెలిసిన లేత్‌వాళ్లు దొరుకుతారు. మంచి గ్యాస్కెట్ కిట్టు, నీడిల్ వేసి ఫ్లోట్ లెవెల్ పెడితే పాత కార్బరేటర్ ఇంకో తరం నడుస్తుంది. ఎస్‌యూ అయితే పైనున్న డ్యాష్‌పాట్‌లో నూనె ఉందో లేదో చూడండి. అది ఎండిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే బండి తడబడుతుంది, అంతటితో కార్బరేటర్ పోయిందని తీర్పు చెప్పేస్తారు.

నిజంగానే మార్చాల్సి వస్తే అదే రకం, అదే సైజు వెతకండి. మా మావయ్య బండికి ఒక షాపులో చిన్న కారు కార్బరేటర్ అడాప్టర్ ప్లేటుతో బిగించారు. మైలేజీ పెరుగుతుందన్నారు. 800 సీసీకి తయారైన వెంచురీ (కార్బరేటర్‌లో గాలి వెళ్లే ఇరుకు దారి) గుండా 1489 సీసీ ఇంజిన్‌కి ఎంత గాలి వెళ్తుంది? ఊళ్లో బాగానే తిరిగింది, నలుగురిని ఎక్కించుకుని ఎత్తు ఎక్కలేకపోయింది. పాతది దాచి ఉంచారు కాబట్టి సరిపోయింది.

ఇప్పటి పెట్రోల్ గురించి కూడా ఆలోచించాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో బంకులకి రావడం మొదలై, ఇప్పుడు అంతటా అదే. కిలో పెట్రోల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. అంటే 1984 నాటి జెట్‌తో ఈ పెట్రోల్ పోస్తే గాలి ఎక్కువై మిక్స్చర్ పలచనవుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది, ఎత్తులో తడబడుతుంది. ఎస్‌యూలో జెట్ నట్టు కొద్దిగా కిందికి తిప్పితే సరి, సోలెక్స్‌లో ఒక సైజు పెద్ద మెయిన్ జెట్ కావాలి. ప్రయాణం తర్వాత ప్లగ్ తీసి చూస్తే బెల్లం రంగులో ఉండాలి. తెల్లగా ఉంటే పలచన, నల్ల మసి ఉంటే చిక్కన. ఇది చూసి అర్థం చేసుకోవాలంటే ఇగ్నిషన్ ముందే సరిగ్గా ఉండాలి, ఎందుకంటే స్పార్క్ బలహీనంగా ఉన్నా ప్లగ్ నల్లబడుతుంది. రెండూ ఒకేసారి మార్చొద్దని నేను పట్టుబట్టేది ఇందుకే. తేడా వస్తే ఏది కారణమో ఎవరికీ తెలియదు.

ఇథనాల్ పాత రబ్బరుని కూడా తినేస్తుంది. పెట్రోల్ పైపులు, పంపు డయాఫ్రమ్ ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించండి. ఈ ఒక్కటి మాత్రం ఆలస్యం చేయొద్దు. ఈ ఇంజిన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే వైపు ఉంటాయి, కార్బరేటర్ పొంగితే పెట్రోల్ చుక్కలు ఎర్రగా కాలే మానిఫోల్డ్ మీదే పడతాయి. బండిలో చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకోండి. మే నెల ఎండలో వేడి మీద స్టార్ట్ కాకపోవడానికి కూడా ఆ మానిఫోల్డ్ వేడే చాలాసార్లు కారణం. ఆపగానే కార్బరేటర్‌లో పెట్రోల్ ఆవిరి పట్టేస్తుంది. కార్బరేటర్ కింద ఉండాల్సిన మందపాటి ఫైబర్ ప్యాకింగ్, వేడి తగలకుండా ఉండే రేకు మీ బండిలో ఉన్నాయో లేదో చూడండి. తీసేసి మళ్లీ బిగించనివాళ్లు చాలామంది.

కాగితాల గురించి భయపడకండి. ఇంజిన్ నంబర్ మారదు కాబట్టి ఈ పనులకి ఆర్‌సీలో మార్పు అవసరం లేదు. అయితే 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. మీ బండికి ఆ వయసు 2034లో వస్తుంది. విప్పిన ప్రతి అసలు భాగాన్నీ పేరు రాసి అట్టపెట్టెలో పెట్టండి.

ఇప్పటికి మీరు చేయాల్సింది, బండి వేడి మీద మొండికేసినప్పుడు స్పార్క్ రంగు, కాయిల్ ఓమ్‌లు, రోటర్ ఊగుతోందా లేదా చూసి ఇక్కడ రాయండి. కార్బరేటర్ మీద ఉన్న పేరు కూడా. అవి తెలిస్తే ఏ కిట్ సరిపోతుందో, జెట్ మార్చాలో లేదో చెప్పగలను.