మత్తులో మెదడు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: బయోమెడికల్ ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది చదువుతున్నాను. ఆపరేషన్ సమయంలో మెదడు సంకేతాల మీద పరిశోధన చేయాలని ఉంది. ఎంబీబీఎస్ లేకుండా కుదురుతుందా?
- ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: కుదురుతుంది. ఇక్కడ గణాంకాల పని వైద్యం పనికి తక్కువేమీ కాదు. ఈ రంగంలో పేరున్న ఎమెరీ బ్రౌన్ బోస్టన్‌లో మత్తు డాక్టరు, గణాంకశాస్త్రంలో డాక్టరేట్ ఉన్నవారు కూడా. మీకు రెండు చదువులూ అక్కర్లేదు గాని, ఒక మత్తు డాక్టరు తోడు మాత్రం ఉండాలి. ఏ నిమిషంలో ఏ మందు వెళ్లిందో తెలియకుండా తరంగాన్ని చదవలేం.

రోగుల దగ్గర రికార్డు చేయాలంటే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి రావాలి. ఈలోగా సియోల్ నేషనల్ యూనివర్సిటీ హాస్పిటల్ వాళ్లు అందరికీ అందుబాటులో పెట్టిన వైటల్‌డీబీ అనే డేటాబేస్ తెరవండి. 6,388 ఆపరేషన్ల రికార్డులున్నాయి. చాలావాటిలో సెకనుకు 128 శాంపిళ్ల చొప్పున నుదుటి ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల రికార్డు) దొరుకుతుంది. ప్రొపొఫాల్ అనే మత్తు మందు ఇచ్చిన పెద్దవాళ్ల కేసులు పది తీసుకుని, ఈఈజీని 4 సెకన్ల ముక్కలు చేసి స్పెక్ట్రోగ్రామ్ (ఏ సమయంలో ఏ వేగం తరంగాలు ఎంత బలంగా ఉన్నాయో చూపే చిత్రం) గీయండి. దాని కిందే మందు మోతాదు గీత పెట్టండి. రోగి మత్తులోకి వెళ్లాక 8-12 హెర్ట్జ్ దగ్గర ఒక పట్టీ, అట్టడుగున నెమ్మది తరంగాలు కనబడాలి. అడుగుది కనబడకపోతే మీ ఫిల్టరే కోసేసి ఉంటుంది, చూసుకోండి.

కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాట్లు రెండు. ఒకే రోగి ఈఈజీ ముక్కలు కంప్యూటర్ మోడల్ శిక్షణలోనూ, దాని పరీక్షలోనూ పడితే ఫలితం అద్భుతంగా వస్తుంది, అదంతా ఉత్తదే. విడగొట్టాల్సింది రోగులను, ముక్కలను కాదు. రెండోది, బిస్ అంకెను (మత్తు లోతును 0-100 మధ్య చూపే మానిటర్ అంకె; తగ్గేకొద్దీ మత్తు లోతు) ఊహించే మోడల్ కట్టడం. ఆ అంకె కూడా ఒక యంత్రం వేసిన లెక్కే కాబట్టి, దాని తప్పులతో సహా మీ మోడల్ నేర్చుకుంటుంది.

ప్రశ్న: కెటమిన్ ఇచ్చాక బిస్ 45 నుంచి 65కి పోయింది. మత్తు పెంచాలా?
- అనస్తీషియా పీజీ, గుంటూరు

జవాబు: అంకె చూసి పెంచకండి. 40-60 లక్ష్యం ప్రొపొఫాల్, సెవోఫ్లూరేన్ లాంటి మందులకు సరిపోతుంది. కెటమిన్ కూడా మత్తు మందే గాని వేగవంతమైన తరంగాలను పెంచుతుంది, యంత్రం దాన్ని మెలకువ అనుకుంటుంది. ముందు స్క్రీన్ మీద అసలు తరంగం చూడండి, తర్వాత ఈఎంజీ (కండరాల సంకేతం) పట్టీ, సంకేత నాణ్యత చూడండి. నుదుటి కండరం బిగిసినా, కాటరీ (కరెంటుతో కోసే, రక్తస్రావం ఆపే పరికరం) నడుస్తున్నా అంకె పైకి పోతుంది. తక్కువ అంకెనూ గుడ్డిగా నమ్మొద్దు. 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పూర్తి మెలకువగా ఉన్న 10 మంది వలంటీర్లకు కండరాలు సడలించే మందు ఒక్కటే ఇస్తే బిస్ 60 కిందికి దిగింది.

ప్రశ్న: అమ్మకు 70 ఏళ్లు. ఆపరేషన్‌కు ఈ బిస్ మానిటర్ పెట్టించమని అడగాలా?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: పూర్తిగా సెలైన్ లైన్ ద్వారానే మత్తిస్తూ, కండరాలు సడలించే మందు కూడా వాడుతుంటే తప్పక అడగండి. గ్యాస్ మత్తు అయితే అంత పట్టుబట్టక్కర్లేదు. వదిలే ఊపిరిలో గ్యాస్ శాతాన్ని కొలుస్తారు, 6,000 మందికి పైగా రోగులతో 2011లో వెలువడిన పరీక్షలో ఆపరేషన్ మధ్యలో మెలకువ రాకుండా చూడటంలో ఆ కొలత కంటే బిస్ మెరుగని తేలలేదు. మానిటర్ పెడతామంటే మాత్రం ఆ ఉదయం అమ్మ నుదుటి మీద బొట్టు, నూనె, పౌడరు లేకుండా కడిగించండి. జిడ్డు మీద సెన్సార్ అతుక్కోదు.