నన్నడగకుండా కంది వేసింది!

నాకు 43 ఏళ్లు. హైదరాబాద్‌ ఎల్.బి.నగర్‌లో గది తీసుకుని క్యాబ్ నడుపుతున్నాను. నల్గొండ వైపు మా ఊళ్లో ఐదెకరాలుంది. మూడెకరాలు నాన్న పంచి ఇచ్చినవి. మిగతా రెండూ నా భార్య బంగారం అమ్మి, పైన నేను కొంత వేసి కొన్నవి. ఆరేళ్లుగా సేద్యం ఆమే చూస్తోంది. ఈ వానాకాలం నాకు మాటైనా చెప్పకుండా రెండెకరాల్లో పత్తి మాని కంది వేసింది. సంఘంలో అప్పు తీసుకుని బర్రెను కొన్నది. బోనాలకు ఊరెళ్తే గానీ నాకు తెలియలేదు. ‘నీ ఇంట్లో ఆడపెత్తనం నడుస్తోందిరా’ అని మా అన్న పదిమందిలో అన్నాడు. కోపమొచ్చి ‘నా భూమిలో నీ పెత్తనమేంది’ అని అరిచి వచ్చేశాను. అప్పట్నుంచి ఆమె ముక్తసరిగా మాట్లాడుతోంది. ఎలా నచ్చజెప్పాలి?

మీకు చెప్పకుండా అప్పు చేయడం సరికాదు. ఆ బాధ న్యాయమైనదే. రాత్రింబవళ్లు స్టీరింగ్ పట్టుకుని ఇంటికి డబ్బు పంపే మనిషికి, ఇంట్లో తన అవసరం తీరిపోయిందేమో అనిపిస్తే మనసు చివుక్కుమంటుంది. కానీ ఉత్తరమంతా వెతికినా కంది వేయడం వల్ల నష్టమొచ్చిందని మీరెక్కడా రాయలేదు. అడగలేదనే రాశారు. ఇంకో మాట ఆలోచించండి. అడిగితే మీరు ఒప్పుకునేవారా? ఒప్పుకోరని తెలిసే ఆమె నోరు మూసుకుందేమో.

పత్తిలో గులాబీ పురుగు పడితే కాయ చీల్చి చూసేది ఆమె. ఏరడానికి కూలీలు దొరక్క గడప గడపకూ తిరిగేది ఆమె. మందుల షాపులో ఉద్దెర పెరుగుతుంటే మాట పడేదీ ఆమే. కందికి పత్తి కన్నా పెట్టుబడి తక్కువ, నేలకు బలం. కంది పొట్టు పశువులకు మంచి మేత. అంటే కందీ బర్రే వేర్వేరు నిర్ణయాలు కావు, ఆమె ఒకదానికొకటి జత కలిపి ఆలోచించింది. పత్తి డబ్బు చేతికొచ్చే దాకా నెలల తరబడి ఇల్లు గడవడానికి పాల బిల్లు దారి చూపిస్తుంది. నిజం చెప్పాలంటే నాకు ఆమె లెక్క బాగా నచ్చింది.

మీకొచ్చిన ఎయిర్‌పోర్టు బుకింగ్ తీసుకోవాలా వద్దా అని ఊర్నుంచి మీ అన్న ఫోన్ చేసి చెబితే ఊరుకుంటారా?

‘నా భూమి’ అన్న మాట దగ్గరికి వద్దాం. ఆమెకు గుచ్చుకున్నది అదేనని నా నమ్మకం. ఆమె బంగారం కరిగిన రెండెకరాలు కూడా మీ పేరునే ఉన్నాయి కదా? పాసుపుస్తకం మీది కాబట్టి ఎకరానికి సీజన్‌కు 6,000 రూపాయల రైతు భరోసా మీ ఖాతాలో పడుతుంది. భూమి కాగితం లేకుండా బ్యాంకులో పంట రుణం పుట్టడం కష్టం కనుకే ఆమెకు సంఘం దిక్కయింది. 5 లక్షల రైతు బీమా కూడా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారులకే. రేపు పొలంలో ఆమెను పాము కరిచి జరగరానిది జరిగితే ఆ బీమా వర్తించదు. రోజూ చేలో ఉండేది ఆమె, బీమా ఉన్నది నగరంలో ఉన్న మీకు! ఇది మీ ఒక్క ఇంటి కథ కాదు. 2015-16 వ్యవసాయ గణనలో దేశం మొత్తం మీద ప్రతి వంద కమతాల్లో మహిళలు సాగుదారులుగా నమోదైనవి 14 దాకా మాత్రమే.

అందుకే నా సలహా సూటిగా చెబుతాను. ఆమె బంగారంతో కొన్న ఆ రెండెకరాలు ఆమె పేరున గిఫ్ట్ డీడ్ చేయండి. స్లాట్ బుక్ చేసుకుని ఇద్దరూ తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లాలి. మీరు బతికుండగా మీ పేరున్న పొలంలో భార్యకు చట్టప్రకారం వాటా రాదు. మీరు రాసిస్తే మాత్రం అది పూర్తిగా ఆమె సొంతం. సందేహాలుంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి, ఆదాయంతో పని లేకుండా మహిళలకు అక్కడ ఉచితంగా సాయం చేస్తారు.

కానీ కాగితాల కంటే ముందు క్షమాపణ. ఫోన్‌లో కాదు, వెళ్లి చెప్పండి. అప్పు ఎంత, నెలకు కిస్తీ ఎంత, పాలు ఎన్ని లీటర్లు అని తగవు పెట్టే గొంతుతో కాకుండా తెలుసుకునేందుకు అడగండి. యాసంగికి ఏం వేద్దామని ఆమెనే ముందు చెప్పనివ్వండి. ఇకపై పెద్ద అప్పయినా, కొనుగోలయినా ఇద్దరూ అనుకున్నాకే అని ఒక మాట అనుకోండి. అది ఆమెకెంతో మీకూ అంతే. మీరు బండికి ఫైనాన్స్ తీసుకున్నా ఆమెకు ముందే తెలియాలి.

మీ అన్న మళ్లీ ఆ మాటంటే నవ్వి ఊరుకోవద్దు. ‘ఔనన్నా, మా ఇంట్లో సేద్యం ఆమెదే, నేను ఆమెను అడిగే చేస్తా’ అని ఆ పదిమందిలోనే, ఆమె వినేలా చెప్పండి.