పక్క నుంచి తగిలే దెబ్బ, రెండు వేల డాలర్లు

తణుకు దగ్గరి పల్లె నుంచి ఈ ఏడాది టెక్సస్ చేరిన విద్యార్థి ఒకరు, 2005 నాటి కారు నాలుగు వేల డాలర్లకు దొరుకుతోందని, పక్క ఎయిర్‌బ్యాగులున్న మరో కారుకు ఆరు వేలు చెబుతున్నారని, ఆ రెండు వేలు దండగ కాదా అని అడిగారు.

కాదు బాబూ. మాది పాలకొల్లు దగ్గర కాలువ గట్టు ఊరు. మూడెకరాల కొబ్బరి తోట తాకట్టు పెట్టి నాన్నగారు నన్ను 1999లో ఇక్కడికి పంపారు. డాలరు 43 రూపాయలున్న ఆ రోజుల్లో కాఫీ తాగాలన్నా 43తో హెచ్చవేసుకునేవాణ్ణి. అందుకే ముందువైపు ఎయిర్‌బ్యాగు తప్ప మరేమీ లేని కారును 1,600 డాలర్లకు కొని, ఎదుటివారి నష్టానికి మాత్రమే చెల్లించే బీమా తీసుకుని, చాలా మిగిల్చానని ఇంటికి ఉత్తరం రాశాను.

మూడో నెలలో ఒక చిన్న వీధి నుంచి పెద్ద రోడ్డు దాటబోతూ, మన దగ్గరి అలవాటు కొద్దీ ముందుగా కుడివైపు చూశాను. మన దేశంలో దగ్గరి వరుసలోని బండి కుడి నుంచి వస్తుంది; ఇక్కడ ఎడమ నుంచి, అంటే సరిగ్గా డ్రైవరు కూర్చున్న వైపు నుంచే వస్తుంది. నేను ఎడమకు తల తిప్పేసరికి పికప్ ట్రక్కు నా తలుపును లోపలికి నెట్టుకొచ్చింది. మూడు పక్కటెముకలు, కటి ఎముక విరిగాయి. తప్పు నాదే కనుక కారుకు ఒక్క డాలరూ రాలేదు. ఆరోగ్య బీమాలోనూ చవకదే ఎంచుకున్నందువల్ల నా వాటాకు 9,400 డాలర్లు, మన లెక్కలో నాలుగు లక్షల పైచిలుకు పడింది. గ్రంథాలయంలో పుస్తకాలు సర్దుతూ, నాన్నగారిని ఒక్క రూపాయి అడగకుండా అంతా తీర్చాను. తోట విడిపించడం మాత్రం నాలుగేళ్లు వెనకబడింది.

ముందు నుంచి గుద్దుకుంటే బానెట్టు నలుగుతూ ఆ తాకిడిని చాలావరకు మింగుతుంది. పక్కన మనిషికీ ఎదుటి బండికీ నడుమ ఉన్నది తలుపు మందమే. ట్రక్కు మూతి ఎత్తుగా ఉంటే కారు తలుపు కింది గడపలోని గట్టి ఇనుము కూడా అక్కరకు రాదు. సీటు బెల్టు తప్పక పెట్టుకోవలసిందే కానీ, చొచ్చుకొచ్చే తలుపును అది ఆపలేదు. అందుకే సెకనులో వందో వంతుకు కాస్త అటూఇటూగా విచ్చుకునే సంచి ఛాతీకి ఒకటి, తలకు తెరలాంటిది ఒకటి ఉండాలి. తలను కాపాడే పక్క ఎయిర్‌బ్యాగుల వల్ల, డ్రైవరు వైపు తగిలిన ప్రమాదాల్లో డ్రైవరు మరణించే అవకాశం కార్లలో 37 శాతం, ఎస్‌యూవీల్లో 52 శాతం తగ్గినట్టు ఇక్కడి బీమా కంపెనీల భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్ లెక్కగట్టింది. వారు 2003 నుంచి పక్క తాకిడి పరీక్షలు చేస్తున్నారు. 2021లో ఆ పరీక్షలో కారును గుద్దే బండి బరువును 1,900 కిలోలకు, వేగాన్ని గంటకు 60 కిలోమీటర్లకు పెంచారు. మీరు కొనబోయే మోడలుకు, ఆ సంవత్సరానికి ఏ మార్కు వచ్చిందో చూసుకోండి. బీమా నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి, అవి మీరే కనుక్కోగలరు.

చవక బేరాల్లో ఇంకో మోసం ఉంది. ప్రమాదంలో విచ్చుకున్న ఎయిర్‌బ్యాగును మార్చకుండానే అమ్మేవారున్నారు కనుక, కారు పత్రంలో సాల్వేజ్ (బాగా దెబ్బతిన్న బండి) అన్న మాట ఉంటే వదిలేయండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా బేరం వద్దు. ఆ రెండు వేలకు ఇంటికి పంపే డబ్బు కొన్ని నెలలు తగ్గుతుందని మీ నాన్నగారికి ముందే ఫోన్ చేసి చెప్పండి.