మురుగునీటి చదువు మా పాపకు మంచిదేనా?

ప్రశ్న: మాది కడప. పాప బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనల్ ఇయర్. ఎమ్మెస్సీ చేసి, మురుగునీటిని సూక్ష్మజీవులతో శుద్ధి చేసే రంగంలోకి వెళ్తానంటోంది. "ఇంత చదివించి మోరీల పనికి పంపుతావా?" అంటున్నారు బంధువులు. బీఈడీ చేయించమంటారా? – ఒక తండ్రి

జవాబు: పాప చేయబోయేది కాలువలోకి దిగే పని కాదు. రక్షణ లేకుండా మనిషిని మురుగులోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అయినా ఆ పనిలో ఇంకా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. కాబట్టి ఆ పని చేసేవాళ్ళను చిన్నచేసే మాట పాప ముందు అననివ్వకండి.

ఇక అసలు పని. మురుగులోకి గాలి పంపి, అడుగున తేరిన బురదను పారబోయకుండా మళ్ళీ కొత్త మురుగులో కలిపితే శుద్ధి ఎంతో తొందరగా అవుతుందని 1914లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ చూపించారు. ఆ బురద నిండా బతికున్న బాక్టీరియానే. మనం నిన్నటి పెరుగుతో పాలు తోడేసినట్టే ఇదీ. ఈనాటికీ చాలా ప్లాంట్లు ఈ పద్ధతి మీదే నడుస్తున్నాయి.

గాలి పంపే ట్యాంకు నీళ్ళు గాజు జాడీలో పట్టి అరగంట కదపకుండా ఉంచుతారు. బురద కిందికి దిగి, పైన నీళ్ళు తేటపడితే సరే. దిగకపోతే ఒక చుక్క మైక్రోస్కోప్ కింద పెట్టాలి. దారాల్లాంటి బాక్టీరియా మితిమీరి అల్లుకుంటే బురద దిగదు. కాడ మీద గంటలా నిలబడే వోర్టిసెల్లా అనే ఏకకణ జీవి బాగా కనిపిస్తే టెన్షన్ అక్కర్లేదు. మట్టి వాసన మంచి గుర్తు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే ఆక్సిజన్ అందడం లేదని అర్థం. యంత్రాలు నడిపేవాళ్ళు దొరుకుతారు గానీ, ఈ జీవుల్ని చూసి జబ్బు చెప్పగలిగేవాళ్ళు తక్కువ. మీ పాప మూడేళ్ళుగా నేర్చుకున్నది ఈ చూపే.

ఇలాంటి ప్లాంట్లలో కరెంటు దాదాపు సగం గాలి పంపడానికే పోతుంది. అందుకే గులకరాళ్ళ పడకల్లో జమ్ము, మెట్టతామర పెంచి, వాటి వేర్ల దగ్గర ఉండే బాక్టీరియాతో శుద్ధి చేయించే పద్ధతులు వచ్చాయి. వాటికి కరెంటు తక్కువ, జాగా ఎక్కువ. గుర్రపుడెక్క కూడా నీళ్ళలోని నత్రజని, భాస్వరం బాగా లాగుతుంది, కానీ ఎప్పటికప్పుడు తీసేయకపోతే అక్కడే కుళ్ళి నీటిని ఇంకా పాడుచేస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడడమే గొప్ప అయిన అనంతపురం లాంటి చోట, శుద్ధిచేసిన నీళ్ళు తోటలకో కట్టడాలకో వాడగలిగితే అంత మంచినీళ్ళు మిగిలినట్టే. మీ బుగ్గవంక వాగు మీ ఊరి మురుగును పెన్నకు మోయకుండా ఉండాలన్నా ఈ చదువు చదివినవాళ్ళు కావాలి.

చదువు మీ ఊళ్ళోనే యోగి వేమన యూనివర్సిటీలోనో, అనంతపురం శ్రీకృష్ణదేవరాయలోనో కుదురుతుంది. ఏపీ పీజీసెట్ రాయాలి. మైక్రోబయాలజీ తీసుకుని ప్రాజెక్టు మాత్రం మురుగునీటి మీద చేయమనండి. తర్వాత గేట్ ప్రవేశ పరీక్షలో 2021 నుంచి ఉన్న ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్ పేపర్ రాస్తే కొన్ని ఎంటెక్ కోర్సులకు దారి ఉంటుంది. రీసెర్చి మీద మనసుంటే నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) ప్రాజెక్టు పోస్టులు చూస్తుండాలి.

ఒక్క విషయం ముందే తెలుసుకోండి. కాలుష్య నియంత్రణ మండలిలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరు పోస్టులకు ఇంజనీరింగ్ డిగ్రీ అడుగుతారు, ఎమ్మెస్సీ సరిపోదు. పాపకు దొరికేవి ముఖ్యంగా నీటి పరీక్షల ల్యాబులు, ఫ్యాక్టరీల శుద్ధి ప్లాంట్లు, వాటిని నడిపే కంపెనీలు. మొదటి జీతం తక్కువే ఉంటుంది. బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్ళాల్సి రావచ్చు, కొన్నిచోట్ల రాత్రి షిఫ్టులూ ఉంటాయి. ఇవన్నీ పాపతో కూర్చుని మాట్లాడండి.

బీఈడీ తర్వాతైనా చేయొచ్చు, అదీ పిల్లలకు చెప్పడం పాపకు ఇష్టమైతేనే. ఇప్పుడు బంధువుల కోసం చేయించొద్దు.

దరఖాస్తు పెట్టేలోపు కాలేజీ హెచ్ఓడీ దగ్గర ఉత్తరం తీసుకుని, దగ్గర్లోని ఏదైనా శుద్ధి ప్లాంటులో పాపను నెల రోజులు ఉండనివ్వండి. జాడీ పరీక్ష రోజూ తనే చేసి నోటుబుక్కులో రాసుకోవాలి. మొదటి రోజు మీరూ వెంట వెళ్ళండి. లోపలికి వచ్చే నీళ్ళు ఒక సీసాలో, బయటికి పోయే నీళ్ళు ఇంకో సీసాలో పట్టించుకుని పక్కపక్కన పెట్టి చూడండి.