పర్లాకిమిడి నుంచి పచ్చళ్ల వ్యాపారం: పాతపట్నం ఆర్డర్లు తీసుకోవచ్చా?

చెల్లెమ్మా, స్కూల్ ఉద్యోగం చేసుకుంటూనే పచ్చళ్లు అమ్మాలనుకుంటున్నావు, పాతపట్నం నుంచి కూడా అడుగుతున్నారు, కాగితాలు ఏం కావాలి, ధర ఎలా పెట్టాలి అన్నావు కదా.

ముందు ఆ పాతపట్నం సంగతి. నీకది పక్క ఊరే, కానీ మధ్యలో రాష్ట్రం మారుతుంది. ఒడిశా లోపల సరుకు అమ్మితే ఏడాదికి 40 లక్షల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సరిహద్దు దాటించి ఆంధ్రాకు అమ్మితే మాత్రం, రెండు సీసాలైనా సరే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 1936లో ఒడిశాను వేరు చేసినప్పుడు గీసిన గీత మన ఆవకాయకీ అడ్డమొస్తోంది మరి! అందుకే మొదటి ఏడాది ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం చాలనుకో.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ మాత్రం ఇంట్లో చేసి అమ్మినా కావాలి. ఆ సంస్థ వెబ్‌సైట్ ఫోస్కోస్ (FoSCoS) పోర్టల్‌లో అప్లై చెయ్యి. లేబుల్ మీద వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలి. తెలుగు, ఒడియా అదనంగా వేసుకో.

ధర దగ్గరే నేను దెబ్బతిన్నాను. మొదటిసారి మామిడికాయలు, నూనె, కారం, ఆవపిండి లెక్కేసి, సీసాలు, గ్యాస్, ముక్కలు కొట్టించిన కూలి మర్చిపోయాను. నా రెండు రోజుల కష్టానికైతే అసలు ఖరీదే కట్టలేదు. చుట్టాలేమో "మనకి కూడా డబ్బులా?" అన్నారు. వాళ్లకి చిన్న సీసా ఉచితం, పెద్దది డబ్బులకే అని ముందే చెప్పెయ్యి.

ఐదు కిలోలతో మొదలుపెట్టు. ఉద్యోగం ఇప్పుడే మానకు.