ధ్రువప్రాంత మట్టిలో కొత్త డయాటమ్: పేరు పెట్టేముందు తేల్చుకోవాల్సినవి

అంటార్కిటిక్ సముద్రపు అడుగు మట్టిలో ఏ పుస్తకంతోనూ సరిపోలని డయాటమ్ (సిలికా గూడున్న సూక్ష్మ శైవలం) దొరికింది, కొత్త జాతిగా ఎలా వర్ణించాలి అని అడిగారు. పేరు సంగతి తర్వాత. అది నిజంగా వేరే జాతేనా అన్నది ముందు తేలాలి.

అర గ్రాము మట్టి చాలు. 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పోసి నురగ ఆగేదాకా ఉంచితే కార్బొనేట్లు పోతాయి. కడిగాక 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దికొద్దిగా కలిపి ఫ్యూమ్ హుడ్‌లో వేడిచేయండి. ఒక్కసారే పోస్తే పొంగిపోతుంది. ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగైదుసార్లు కడగాలి. సెంట్రిఫ్యూజ్ వేగం పెంచితే పొడవాటి వాల్వులు (డయాటమ్ గూడులోని రెండు సగాలు) విరుగుతాయి, రాత్రంతా తేరనివ్వడమే మేలు. వేడి క్షారం జోలికి పోవద్దు, సిలికాయే కరుగుతుంది. ప్రతి నమూనాకూ కొత్త ట్యూబు వాడండి. పాత బీకరుకు అంటుకున్న ఒక్క వాల్వు చాలు, లేని జాతి ఉన్నట్టు కనిపించడానికి.

నాఫ్రాక్స్ అనే రెసిన్‌తో స్లైడు కట్టి, 100ఎక్స్ ఆయిల్ లెన్సుతో కనీసం 30 వాల్వులు కొలవండి: పొడవు, వెడల్పు, 10 మైక్రాన్లకు ఎన్ని స్ట్రయేలు (వాల్వు మీది రంధ్రాల వరుసలు). ఇక్కడ తొందర పనికిరాదు. విభజన జరుగుతున్నకొద్దీ డయాటమ్‌లు చిన్నవవుతాయి, ఆకారమూ మారుతుంది. అందుకే ఒకే జాతిలోని పెద్దదీ చిన్నదీ పక్కపక్కన పెడితే రెండు జాతుల్లా ఉంటాయి. యూకాంపియా అంటార్కిటికా అనే డయాటమ్‌కు వేసవి, శీతాకాల రూపాలే వేరు. కీటోసెరోస్ అనే డయాటమ్ ప్రజాతి విశ్రాంతి బీజాలు మామూలు కణాల్లా ఉండవు. సగం కరిగిన వాల్వుల్లో అరియోలాలు (వాల్వు గోడలోని చిన్న రంధ్రాలు) వెడల్పయి కొత్త లక్షణంలా భ్రమింపజేస్తాయి. అంచులు చెక్కుచెదరని వాల్వులనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో లోపలా బయటా చూడండి. రిమోపోర్టులా (వాల్వు గోడ గుండా పోయే సన్నని గొట్టం) ఎక్కడుంది, రాఫే (వాల్వు పొడవునా ఉండే చీలిక) చివర్లు ఎలా ముగిశాయి అన్నవి అక్కడే తెలుస్తాయి. మంచు ఫలకాలు పాత పొరలను తవ్వి కొత్త మట్టిలో కలుపుతాయి, కాబట్టి ఖాళీ వాల్వు దొరికినంత మాత్రాన ఆ జాతి ఇప్పుడు బతికి ఉన్నట్టు కాదు.

ఇవన్నీ దాటితే పేరు. 2012 జనవరి 1 నుంచి వర్ణన లాటిన్‌లోగానీ ఇంగ్లీషులోగానీ ఉండొచ్చు. చిత్రం తప్పనిసరి. శిలాజ డయాటమ్‌లనూ నామకరణ నియమావళి శిలాజేతరాలుగానే చూస్తుంది కనుక ఈ నిబంధన వాటికీ వర్తిస్తుంది. హోలోటైప్ (పేరుకు ఆధారంగా నిలిచే నమూనా) స్లైడు ఏ సంస్థలో ఉందో రాయకపోతే పేరు చెల్లదు. జర్మనీలో బ్రెమర్‌హాఫెన్‌లోని హుస్టెట్ డయాటమ్ సేకరణ వంటి చోట భద్రపరచండి. హోలోటైప్‌గా ఎంచిన వాల్వు చుట్టూ వజ్రపు మొనతో వలయం గీసి, ఇంగ్లండ్ ఫైండర్ (స్లైడు మీద స్థానం చూపే గళ్ల పలక) అంకెలు రాయండి. గుర్తు లేని స్లైడులో ఆ వాల్వును మళ్లీ వెతికి పట్టుకోవడం మహాకష్టం.

ఆమ్లం తగలని మట్టి కొంత విడిగా దాచండి. శుభ్రం చేయడంలో విడిపోయిన కణాల గొలుసులు, రెండు వాల్వులను కలిపే నడికట్టు పట్టీలు అందులోనే దొరుకుతాయి.