పెన్షన్ మీద లోన్ తర్వాత టీచర్ గారూ, ముందు ఆ ఏటీఎం కార్డు సంగతి చూడండి

తిరుపతి కొర్లగుంట నుంచి ఒక రిటైర్డ్ టీచర్ గారు రాశారు. వయసు 67, భర్త లేరు, పెన్షన్ నెలకు 31 వేలు. ఏటీఎం కార్డు కొడుకు దగ్గరే ఉంటుంది, బ్యాంకు మెసేజ్‌లు కూడా అతని ఫోన్‌కే వెళ్తాయి. ఈమె చేతికి 3 వేలు ఇస్తాడు, షుగర్ మందులకి ఇంకో 500 అడిగితే "నీకేం ఖర్చుంటాదిమా" అని విసుక్కుంటాడు. ఇల్లు రెండేళ్ల కిందటే అతని పేరు మీద గిఫ్ట్ డీడ్ రాసిచ్చేశారు. ఇప్పుడు వ్యాపారం అప్పులకు 6 లక్షలు కావాలట. ఆమె అడిగింది ఒక్కటే, పెన్షన్ లోన్ మేలా, నగలు తాకట్టు పెట్టడం మేలా అని.

రెండూ వద్దు. 6 లక్షలు 5 ఏళ్లకి, వడ్డీ 11 శాతం అనుకున్నా నెలకు 13 వేలు కట్టాలి. "ఈఎంఐ నేను కడతానమ్మా" అని మీ అబ్బాయి అన్నాడని రాశారు. కట్టేది ఎవరు, పెన్షన్ పడగానే బ్యాంకే కోసేసుకుంటుంది కదా! 72 ఏళ్లు వచ్చేదాకా మీ పెన్షన్‌లో సగానికి కాస్త తక్కువ అతని అప్పుకే పోతుంది. నగలైతే వడ్డీ కట్టకపోతే వేలానికి పోతాయి. షూరిటీ సంతకం అడిగినా ఇదే జవాబు.

టీచర్ గారూ, ఒక మాట సూటిగా చెప్తాను, నొచ్చుకోకండి. మీ డబ్బు మీకు ఇవ్వకుండా, మందులకి మీ చేత అడిగించుకుంటున్నారంటే అది వేధింపే, చెయ్యి చేసుకుంటేనే వేధింపు అని కాదు. కార్డు, పాస్‌బుక్ ఇంకొకరి దగ్గర ఉండటం, చదవకుండా సంతకం పెట్టమనడం, మదనపల్లెలో ఉన్న మీ అమ్మాయితో ఫోన్ మాట్లాడుతుంటే పక్కనే కూర్చోవడం, ఇవన్నీ మీరే రాశారు, మామూలు విషయాల్లాగా.

ఈ వారంలోనే పాస్‌బుక్, ఆధార్ తీసుకుని మీ బ్రాంచికి మీరే వెళ్లండి. పాస్‌బుక్ ఇవ్వకపోతే ఆధార్ చాలు, బ్యాంకులో కొత్తది ఇస్తారు. పాత కార్డు బ్లాక్ చేయించి, ఖాతాకి మీ సొంత ఫోన్ నంబరు పెట్టించండి. నంబరు మార్చకుండా కార్డు ఒక్కటే మారిస్తే లాభం లేదు, ఓటీపీలన్నీ అటే పోతాయి. తర్వాత వేరే బ్యాంకులో మీ ఒక్కరి పేరు మీద ఇంకో ఖాతా తెరవండి, జాయింట్ వద్దు. నెలకు 15 వేలు అందులో వేస్తే 6 నెలలకు 90 వేలవుతుంది. నేను ఎప్పుడూ వాయించే అత్యవసర నిధి ఇదే, అందరికీ విసుగొచ్చినా సరే. మీ విషయంలో దీని అవసరం ఇంకా ఎక్కువ, ఎందుకంటే రేపు కొడుకు మీద ఫిర్యాదు చేయాలన్నా, కొన్నాళ్లు అమ్మాయి ఇంట్లో ఉండాలన్నా చేతిలో పైసా లేకపోతే ధైర్యం రాదు. చట్టం తెలిసి కూడా నోరు మూసుకుని ఉండిపోయేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అన్నట్టు, ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు వైద్యం కోసం ఇచ్చే మీ ఈహెచ్ఎస్ హెల్త్ కార్డు ఎవరి దగ్గరుందో కూడా చూసుకోండి.

ఇక ఇల్లు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక చూసుకోకపోతే ఆ రాతను ట్రిబ్యునల్ రద్దు చేయొచ్చు. షరతు ఉందా లేదా అన్నదే చిక్కు. అది ఉండి తీరాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఇంకో కేసులో, కొడుకు విడిగా రాసిచ్చిన హామీ కాగితాన్ని కూడా లెక్కలోకి తీసుకుని తల్లికి ఇల్లు తిరిగి ఇప్పించింది. కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో డీడ్ సర్టిఫైడ్ కాపీ తీసుకుని ప్రతి లైనూ చదవండి. ఆ రోజు అతను మీకు ఇంకేమైనా రాసిచ్చాడా వెతకండి.

అర్జీ ఆర్డీఓ ఆఫీసులో ఇవ్వాలి, అక్కడే ట్రిబ్యునల్. లాయరు ఉండి తీరాలన్న రూలేం లేదు. మీరు వెళ్లలేకపోతే మీ తరఫున అమ్మాయి కూడా వేయొచ్చు. ఇదే చట్టం కింద నెలకు 10 వేల వరకు భరణం కూడా ఇప్పిస్తారు కానీ అది సొంత రాబడితో బతకలేని వాళ్లకి, పెన్షన్ ఉన్న మీకు 23వ సెక్షనే పనికొస్తుంది. ఇంట్లోంచి పొమ్మంటే 2005 గృహహింస చట్టం తల్లికి కూడా వర్తిస్తుంది. చెయ్యెత్తితే 112. ఎవరితో మాట్లాడాలో తోచకపోతే 14567, పెద్దవాళ్ల కోసమే పెట్టిన ఎల్డర్‌లైన్, ఉచితం.

పరువు పోతుందని రాశారు. ఆర్డీఓ దాకా వెళ్లడం తర్వాతి సంగతి, బ్యాంకుకి వెళ్లి మీ కార్డు మీరు మార్చుకుంటే పోయే పరువేముంది?

ఇది చదువుతున్న మిగతా పెద్దవాళ్లు, పిల్లలు ఎంత మంచివాళ్లయినా, ఉంటున్న ఇల్లు బతికుండగా గిఫ్ట్ డీడ్ చేయకండి, వీలునామా రాయండి. అది మీ తర్వాతే అమల్లోకి వస్తుంది, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. తప్పదంటే పోషణ షరతు డీడ్‌లోనే రాయించండి.

టీచర్ గారూ, నగలు ఎక్కడున్నాయో మీరు రాయలేదు. ఇంట్లో ఉంటే ఆ కొత్త బ్యాంకులోనే లాకరు అడగండి, తాళం చెవి మీ దగ్గర పెట్టుకోండి.